కోడ్ చెప్పేది సగమే

మావారు ఊళ్లో లేని రోజు చూసుకునే మా కారు మొరాయిస్తుంది. మీ ఇంట్లోనూ అంతేనా?

పోయిన నెల అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే బండి కుదుపులు మొదలుపెట్టింది. ఎదురుగా ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. వెంటనే పక్కకు తీసి ఆపేశాను. ఆ లైటు ఆరకుండా వెలుగుతుంటే త్వరగా చూపించుకోవాలి. వెలిగి ఆరుతుంటే మాత్రం బండి నడపకూడదు. సిలిండర్‌లో కాలని పెట్రోలు పొగగొట్టం వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. అది చాలా ఖరీదైన సామాను.

దగ్గర్లోని షెడ్డు వాళ్లు వచ్చి బండిని లాక్కెళ్లారు. స్టీరింగ్ కింద సాకెట్‌కి స్కానర్ తగిలించి రెండు నిమిషాల్లో తేల్చేశారు.

"నాలుగు కాయిల్స్, ప్లగ్గులు, ఇంజెక్టర్లు మార్చాలి మేడమ్. పద్ధెనిమిది వేలవుతుంది. సార్‌తో ఒకసారి మాట్లాడించండి."

అమ్మాయి ఫీజు కోసం నేను దాచిన డబ్బు కళ్ల ముందు మెదిలింది. ఆ డబ్బు పోగేసింది నేను, మాట్లాడాల్సింది మాత్రం సార్!

కార్ల సర్వీసింగ్‌లో పనిచేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను. "ముందు కోడ్ చూపించమను అక్కా" అన్నాడు. స్కానర్ మీద పి0301 అని ఉంది. బి.ఎ.లో పదాలు విడదీసిన అలవాటు కదా, తమ్ముడు చెబుతుంటే దాన్నీ విడదీశాను. పి అంటే ఇంజిన్, గేర్ల వైపు. సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్. 3 అంటే పెట్రోలు అంటుకోవడంలో తేడా. చివరి 01 అంటే మొదటి సిలిండర్.

మరి మిగతా మూడు సిలిండర్లు ఏం పాపం చేశాయి?

కోడ్ అనేది థర్మామీటర్ లాంటిది. జ్వరం ఉందని చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. మొదటి సిలిండర్ సరిగా మండకపోవడానికి కాయిల్ కారణం కావచ్చు, ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. తమ్ముడు చెప్పిన ఉపాయం చాలా తేలిక. మొదటి సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని మొదటిదానికి మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ స్టార్ట్ చేయాలి. తప్పు కాయిల్‌దే అయితే కోడ్ కూడా దానితోపాటు కదులుతుంది.

"వెతికినందుకు విడిగా 500 ఇస్తాను, ఇలా చేసి చూడండి" అన్నాను. మెకానిక్ కాస్త గొణిగినా చేశాడు. ఈసారి పి0303 వచ్చింది! ఒక్క కాయిల్ మార్చారు. మొత్తం 2,800 అయింది.

ఇందులో తప్పంతా మెకానిక్‌దే అనను. సామాను మారిస్తే వేలు ఇస్తాం, గంటసేపు వెతికితే "ఏం చేశావని డబ్బులు?" అంటాం. అలాంటప్పుడు అతను ఎందుకు వెతుకుతాడు? మార్చేస్తాడు. డాక్టరుకి ఫీజు ఇచ్చినట్టే, జబ్బు కనిపెట్టినందుకూ డబ్బు ఇవ్వడం మనం నేర్చుకోవాలి.

ఇంజిన్ విప్పడం మనకు రానక్కర్లేదు. మూడు మాటలు అడగడం వస్తే చాలు. కోడ్ ఏమిటి? ఈ సామానే పాడైందని ఎలా తెలిసింది? మార్చిన పాతది ఏది? ఇంకోటి, "లైటు తీసేశాం మేడమ్" అంటే రిపేరు అయినట్టు కాదు. కోడ్ చెరిపితే లైటు ఆరుతుంది, జబ్బు ఉంటుంది.

కూరగాయల దగ్గర రెండు రూపాయలకు బేరమాడే మనం, కారు దగ్గరికొచ్చేసరికి "మాకేం తెలుసు" అని ఎందుకు వెనక్కి తగ్గాలి?

మొన్న సర్వీసింగ్ గురించి ఆ షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. మావారికి కాదు, నాకే!