గంట మోగింది, అందరూ వచ్చారా?

2020 మార్చిలో మూతపడ్డ బడులు ఆంధ్రప్రదేశ్‌లో నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకి మళ్ళీ తెరిచారు. అంతకు ముందు వారమంతా మా వీధి చివరి హైస్కూల్లో ఒకటే హడావుడి. గదులు కడిగారు, బ్లీచింగ్ చల్లారు, సున్నంతో దూరం గుర్తులు పెట్టారు. గేటు దగ్గర శానిటైజరు. చూసి ముచ్చటపడ్డాను.

కానీ మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, బడికి వెళ్ళలేదు. “ఇంకెక్కడి బడమ్మా! ఇన్ని నెలలు ఇంటిపట్టునే ఉంది, పనికి అలవాటుపడింది. సంబంధాలు చూస్తున్నాం” అంది తల్లి. ఆన్‌లైన్ పాఠాలా? ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్య చేతిలోనే!

తల్లిదండ్రుల అంగీకారపత్రం ఉంటేనే పిల్లల్ని రానిచ్చారు. జాగ్రత్త మంచిదే. మరి సంతకం పెట్టని తండ్రిని “ఎందుకు పెట్టలేదయ్యా?” అని అడిగిందెవరు? నేను మాత్రం రెండు వారాలదాకా అడిగానా?

చివరికి ఒక టీచరమ్మా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నేరమని చెప్పాం. మూడోసారికి సంతకం పడింది. పక్కవీధి పిల్ల మాత్రం అప్పటికే అత్తారింటికి వెళ్ళిపోయింది.

బడిని సిద్ధం చేయడమంటే గదులు కడగడం ఒక్కటే కాదు. హాజరుపట్టీ పట్టుకుని, రాని పిల్లల గడప తొక్కడం కూడా. అదంతా టీచర్ల మీదకే నెట్టడం న్యాయం కాదు. రేపు వరదలకో, మరో జబ్బుకో బడి మూతపడొచ్చు. మళ్ళీ గంట మోగిననాడు, మన వీధిలో ఏ పిల్ల ఇంకా అంట్లు తోముతోందో మనమే చూడాలి. అవసరమైతే 1098కి ఫోన్ చేయాలి.