విగ్రహాలకు బోనులెందుకు?

మన తమిళనాడులో ఏ ఊరికి పోయినా నాలుగు రోడ్లు కలిసే చోట ఒక విగ్రహం ఉంటుంది. పుట్టినరోజుకు నిచ్చెన వేసి దండ వేస్తారు. మిగతా రోజులు కాకులే దానికి తోడు. చాలా చోట్ల అంబేద్కర్ విగ్రహం చుట్టూ ఇనుప కమ్మీల బోను కూడా ఉంది. అందరికీ సమాన హక్కులు కావాలని పోరాడిన మనిషిని బోనులో పెట్టడం గౌరవమా?

"బోను లేకపోతే పగలగొడతారు" అని పెద్దవాళ్ళు అంటారు. కులద్వేషంతో అలా చేసేవాళ్ళు ఉన్న మాట నిజమే. అంటే తప్పు చేసేవాడు బయట, అంబేద్కర్ లోపల! పగలగొట్టినవాణ్ణి కదా లోపల పెట్టాలి?

అమెరికాలో ర్యాపిడ్ సిటీ అని ఒక ఊరుంది. అక్కడ 2000వ సంవత్సరం నుంచి తమ అధ్యక్షుల కంచు విగ్రహాలను బజారు వీధుల మూలల్లో మనిషంత ఎత్తులోనే పెట్టారు. జనం నడుచుకుంటూ పోయి పక్కనే నిలబడి చూస్తారు. వాళ్ళు చేసిందంతా మంచిదని నేను అనను. ఆ చుట్టుపక్కల కొండలు లకోటా ప్రజలవని 1868లో ఒప్పందం రాసిచ్చి, తర్వాత లాక్కున్నారు. చూసేవాళ్ళకు ఆ మాట కూడా చెప్పాలి. కానీ దగ్గరికి పోయి చూడనివ్వడం మాత్రం మనం నేర్చుకోవాల్సిందే.

చెన్నై మెరీనాలో 1968లో ప్రపంచ తమిళ మహాసభకు పెట్టిన విగ్రహాల్లో కాల్డ్‌వెల్ ఒకరు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం ఒకే కుటుంబమని 1856లో ఆయన పుస్తకం రాశారు. తెలుగు బళ్ళో చదివే మనకూ, తమిళం మాట్లాడే మన పక్కింటివాళ్ళకూ ఇంతకన్నా కావలసిన మాట ఏముంది? మనమేమో సుండల్ తిని, అలల్లో కాళ్ళు తడుపుకొని వచ్చేస్తాం.

అంత దూరం ఎందుకు? మన జిల్లాలోని తిరుత్తణిలో 1888లో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో దేశానికి రాష్ట్రపతి అయ్యారు. సెప్టెంబరు 5న ఆయన పటానికి దండ వేసి మిఠాయి పంచుతాం. ఆయన ఏం రాశారో, ఏం చెప్పారో అడిగితే ఎంతమంది చెప్పగలం?

కాబట్టి పెద్దలారా, ఇంకో కొత్త విగ్రహం వద్దు. ఉన్నవాటి బోనులు తీసెయ్యండి. దండలకయ్యే డబ్బుతో ఆ మనిషి ఏం చేశాడో తమిళంలోనూ తెలుగులోనూ పలక మీద రాయించండి. పొన్నేరి నుంచి చెన్నైకి లోకల్ రైలు ఉంది. ఏటా ఒక్కసారి పదో తరగతి పిల్లల్ని మెరీనా పొడుగునా నడిపించి, ఒక్కో విగ్రహం దగ్గర ఆపి చెప్పండి. దండ సాయంత్రానికి వాడిపోతుంది. అక్కడ నిలబడి విన్న మాట మాకు గుర్తుంటుంది.