శిథిలాలకూ ఒక బాకీ ఉంది

హైతీలోని సాన్ సూసీ రాజభవనాన్ని ఫ్రెంచి రాజుల వెర్సాయ్ భవనంతో పోల్చి 'కరేబియన్ వెర్సాయ్' అని మెచ్చుకోవడం రివాజు. ఆ మెప్పులో చిన్నచూపు ఉంది. నల్లజాతివాళ్లు గొప్పగా కట్టారంటే అది ఎవరినో చూసి కట్టిందే అయ్యుండాలన్న నమ్మకం అందులో కనిపిస్తుంది.

బానిసలుగా బతికిన జనం నెపోలియన్ సేనల్ని ఓడించి, 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న దేశం హైతీ. ఆ పోరులో సేనాని అయిన ఆంరీ క్రిస్తోఫ్ 1811లో ఉత్తర హైతీకి రాజయ్యాడు. మిలో పట్టణంలో 1810లో అతను మొదలుపెట్టిన సాన్ సూసీ భవనం 1813కి పూర్తయింది. కొండవాలును అంచెలంచెలుగా చదును చేసి, ఇటుక, రాతి గోడలు లేపి, వాటికి సున్నం పూశారు. ముందు జంట మెట్లు, పక్కన గుమ్మటంతో చర్చి, చుట్టూ తోటలు. కొండ నీటిని భవనం కిందుగా పారించి గదుల్ని చల్లబరిచారు. ఎగువన కొండ శిఖరం మీద, ఫ్రెంచివాళ్లు మళ్లీ దండెత్తితే ఎదుర్కోవడానికి కట్టిన లాఫెరియేర్ కోట ఉంది. కోట మా స్వేచ్ఛ జోలికి రావద్దని హెచ్చరించింది. మేమూ ఏలగలమని భవనం చాటింది. రెండింటినీ కలిపి చూస్తేనే ఈ కట్టడం అర్థమవుతుంది.

అయితే ఆ గోడలు మోసిన చేతులు ఇష్టపడి మోసినవి కావు. సంకెళ్లు తెంచుకున్న జనం చేతనే రాజు వెట్టిచాకిరీ చేయించాడు. 1820లో సైన్యం తిరగబడింది. పక్షవాతంతో కుంగిపోయిన రాజు అక్టోబర్ 8న ఈ భవనంలోనే తనను తాను కాల్చుకున్నాడు. 1842 మే 7 నాటి భూకంపానికి కట్టడం కూలింది. రాజభవనాన్ని మళ్లీ ఎవరూ కట్టలేదు. 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2020 ఏప్రిల్‌లో చర్చి గుమ్మటం అగ్నికి ఆహుతైంది.

సాన్ సూసీని కొత్త భవనంలా తిరిగి కట్టనక్కర్లేదు. మిగిలిన గోడలు పడిపోకుండా నిలబెడితే చాలు. రాజు పేరున్న చోటే వెట్టికి బలైన కూలీల ప్రస్తావనా ఉండాలి. ఖర్చు మాటకొస్తే, 1825లో యుద్ధనౌకలు చూపించి, తన వలసదారులు పోగొట్టుకున్న తోటలకూ బానిసలకూ పరిహారమంటూ హైతీ మీద 15 కోట్ల ఫ్రాంకుల భారం మోపింది ఫ్రాన్స్. తర్వాత తగ్గించినా, ఆ అప్పు ఆ దేశాన్ని తరాలపాటు పీల్చింది. ఈ శిథిలాల్ని కాపాడే ఖర్చులో మొదటి వాటా ఫ్రాన్సే పెట్టాలి. అది దానం కాదు, బాకీ.