ఫోన్ లాక్కుంటే ఆ తిట్టు ఆగుతుందా?

పిల్లాడు రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తున్నాడు, మార్కులు పడిపోయాయి, ఎవరితోనూ మాట్లాడడు. బడికి వెళ్లి అడిగితే దొరికే సలహా ఒక్కటే: ఫోన్ లాక్కోండి. పగలంతా తరగతిలో వాణ్ని ఏమని పిలుస్తున్నారో ఎవరూ అడగరు. మన తెలుగులో అయితే ‘ఆడంగి’, ‘తేడా’. అండమాన్ బళ్లలో అందరినీ కలిపే భాష హిందీ కాబట్టి ‘ఛక్కా’ కూడా. అమ్మాయి అయితే ‘మగరాయుడు’. గంట కొట్టాక ఆ మాట బళ్లోనే ఆగిపోదు, వాట్సాప్ గ్రూపులో ఇంటిదాకా వస్తుంది. తనలాంటివాళ్లు లోకంలో ఇంకా ఉన్నారని తెలిసేదీ ఆ ఫోన్‌లోనే. ఇక ఎలా వదులుతాడు? నిద్ర పోతోంది, చదువు పోతోంది, కాదనను. కానీ అది ఎక్కడ మొదలైందో చూడకుండా ‘వ్యసనం’ అని పేరు పెట్టేస్తే తిట్టినవాడు, విని నవ్విన మాస్టారు ఇద్దరూ తప్పించుకుంటారు.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు), మరికొన్ని దీవులకు సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. నెట్ వచ్చింది, పిల్లలు పాడైపోయారు అనే కథ దీవుల్లో సులువుగా అతుకుతుంది. ఆ తిట్లు కేబుల్లో రాలేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చిన మనవాళ్ల మూటల్లోనే వచ్చాయి. కులం కూడా అదే మూటలో వచ్చింది.

‘ఇక్కడ కులం లేదండీ’ అనడం దీవుల్లో ఒక మర్యాద. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి అసలు ఎస్సీ జాబితానే లేదు, అందుకే 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు సున్నా. లెక్కలో సున్నా అయినవాడు తరగతిలో మాత్రం సున్నా కాడు, వాడి తాత ఏ వాడ నుంచి వచ్చాడో తెలిసినవాళ్లు పక్క బెంచీలోనే ఉంటారు. అలాంటి పిల్లాడు క్వీర్ కూడా అయితే ఏ అవమానం గురించి ముందు చెప్పుకోవాలి?

మన ఉద్యమంలో కొందరు ‘ఇది మన సమస్య కాదు’ అంటారు. వాళ్లతోనే నా గొడవ. కులాన్ని నిలబెడుతున్నది స్వకుల వివాహమే అని బాబాసాహెబ్ 1916లోనే కొలంబియాలో చెప్పాడు. మగపిల్లాడు ఇలాగే నడవాలి, ఆడపిల్ల ఇలాగే కూర్చోవాలి అనే కాపలా ఆ పెళ్లి కోసమే కదా! రఘునాథ్ ధొండో కర్వే తన ‘సమాజ స్వాస్థ్య’ పత్రికలో పాఠకుల లైంగిక సందేహాలకు జవాబులిచ్చినందుకు అశ్లీలత కేసు పెడితే, 1934లో ఆయన తరఫున వాదించింది బాబాసాహెబే. ఆ సందేహాల్లో స్వలింగ సంపర్కం గురించినవీ ఉన్నాయి. కేసు ఓడిపోయారు, అది వేరే సంగతి.

2023 నవంబరులో ఉజ్జయినిలో చీర కట్టుకుని రీల్ పెట్టిన 16 ఏళ్ల క్వీర్ మేకప్ ఆర్టిస్టు మీద ఇన్‌స్టాగ్రామ్‌లో బూతుల వరద పారింది. ఆ బిడ్డ మనకు దక్కలేదు. ఆ కామెంట్లు ఫోన్ రాయలేదు, మనుషులు రాశారు.

నియమాలు లేక కాదు. లైంగికత, కులం, భాష, పుట్టిన ఊరు, వీటిలో దేని పేరుతో వేధించినా ర్యాగింగే అని యూజీసీ 2016లో సవరణ తెచ్చింది. విశాఖలో కోచింగ్‌కు వచ్చిన విద్యార్థిని మరణంపై ఆమె తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఎల్‌జీబీటీక్యూ పిల్లలతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఇది దేశమంతటికీ వర్తిస్తుంది, దీవులకూ.

పోర్ట్ బ్లెయిర్‌లో బాబాసాహెబ్ పేరు పెట్టుకున్న ఇంజినీరింగ్ కళాశాల ఉంది. అక్కడినుంచే మొదలుపెట్టి ప్రతి బడినీ, కళాశాలనూ విద్యార్థులు రాతపూర్వకంగా అడగాలి: కౌన్సిలర్ ఎవరు, ఏ గదిలో ఉంటారు, ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్తుంది? జవాబు వచ్చేదాకా తల్లిదండ్రులు ఆ ఫోన్ లాక్కోకుండా ఆగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లాడు ఆ నంబరుకు చేయాల్సింది కూడా ఆ ఫోన్ నుంచే.