128 జీబీలో అవ్వ గొంతు ఎంత?

ఇప్పుడు మన బంధువుల ఇండ్లల్లో పెండ్లి అయితే ఫోటోలాయన ఆల్బంతో పాటు ఒక పెన్‌డ్రైవో, మెమరీ కార్డో చేతికిస్తాడు. దాంట్లో మూడు నాలుగు వేల ఫోటోలుంటాయి. వాటిని మొత్తం చూసినవాళ్లు పెండ్లికొడుకు, పెండ్లికూతురుతో సహా ఎవరూ ఉండరని మా అనుమానం. తాతల కాలం ఫోటో గోడకు ఒకటే ఉండేది. దాంట్లో నిలబడినవాళ్లు ఎవరెవరో, ఏ ఊరివాళ్లో ఇంట్లో పిల్లకాయలు కూడా చెప్పేవాళ్లు.

పాతకాలమే మేలని చెప్పేదానికి ఇది రాయడం లేదు. కార్డు పెద్దదైంది, మంచిదే. దాన్ని దేంతో నింపుతున్నామన్నదే మా పేచీ.

ఫిల్ము రీలులో 36 ఫోటోలు పట్టేవి. 1999లో శాన్‌డిస్క్, తోషిబా, మత్సుషిత (ఇప్పటి పానసోనిక్) కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించినాయి. మొదట్లో వచ్చినవి 32, 64 ఎంబీ కార్డులు, అంటే దాదాపు ఒక రీలంత. 2006లో ఎస్‌డీహెచ్‌సీ వచ్చి హద్దును 32 జీబీకి జరిపింది. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ 2 టీబీ అన్నది, 2018లో ఎస్‌డీయూసీ 128 టీబీ అన్నది. ఇవి కాగితం మీది హద్దులు, అంగడిలో దొరికేది ఎప్పుడూ దానికి వెనకే. అయినా 2019లో చిటికెనవేలి గోరంత మైక్రోఎస్‌డీ ఒక టీబీకి చేరింది. 64 ఎంబీతో పోలిస్తే పదిహేను వేల రెట్ల పైమాట.

మధ్యలో ఇంకొక కాలం ఉండె. కీప్యాడ్ ఫోన్లకు 1 జీబీ, 2 జీబీ కార్డు వేసుకుని బాగేపల్లిలోనో చింతామణిలోనో మొబైల్ అంగడికి పోతే పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఒక ఫోల్డర్లో ఘంటసాల, పక్క ఫోల్డర్లో రాజ్‌కుమార్, ఇంకొకదాంట్లో కైవారం తాతయ్య కీర్తనలు. మన తావు రెండు భాషల బతుకు ఆ కార్డులో ఉన్నంత సరిగ్గా ఏ పుస్తకంలోనూ లేదనిపిస్తుంది. జాగా తక్కువ కాబట్టి ఏది ఎక్కించాలో యోచన చేసేవాళ్లు. ఇప్పుడు ఆ యోచనే పోయింది.

మన పూర్వీకుల సంగతులు దాచుకోవాలంటే ఫోటో కన్నా ముందు గొంతు దాచాలని మేమంటాం. మనం ఇంట్లో మాట్లాడే తెలుగు బడిలో లేదు, ఆఫీసులో లేదు. తెలుగు పేపర్లో ఉండేది వేరే తెలుగు. పట్టుపురుగులకు ఆకు వేయడం మొదలుకొని చంద్రికల మీద నుంచి గూళ్లు విడిపించేదాకా, చెనిక్కాయల చేను నుంచి సంగటి కుండ దాకా ఒక్కోదానికి అవ్వలు వాడే మాటలు, ఆ యాస, మధ్యలో దూరే కన్నడం ఎక్కడా రాసి పెట్టలేదు. అవి వాళ్ల నోట్లోనే ఉన్నాయి.

దీనికి తార్కాణం తిరుమలలోనే ఉంది. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి పెట్టినారు. 20వ శతాబ్దంలో బయటికి తీసి అచ్చు వేస్తే సాహిత్యం వచ్చింది, రాగాల పేర్లు వచ్చినాయి, ఆయన పాడిన వరుసలు మాత్రం రాలేదు. కాబట్టి ఇప్పుడు మనం వినేవాటిలో చాలా వరుసలు మన కాలంలో కట్టినవే. నందిలో భోగనందీశ్వర గుడి సంగతి 9వ శతాబ్దం నాటి శాసనాల్లో ఉంది, ఇవాళ్టికీ చదువుకోవచ్చు. రాయీ రాగీ అక్షరాన్ని మోసినాయి గానీ గొంతును మోయలేకపోయినాయి. ఇటు కైవారం తాతయ్య తెలుగులో, కన్నడంలో చెప్పిన తత్వాలు భజన చేసేవాళ్ల నోట్లో పడి మన దాకా వచ్చినాయి.

ఇప్పుడు గొంతు దాచేదానికి ఎంత జాగా కావాల? మాటలు రికార్డు చేస్తే ఒక గంటకు 30 ఎంబీ చాలు. ఆ లెక్కన 128 జీబీ కార్డులో నాలుగు వేల గంటల పైన పడతాయి. అంటే అవ్వ ఐదారు నెలలు రాత్రీ పగలూ ఆపకుండా మాట్లాడినా కార్డు నిండదు. మరి మన ఇండ్లల్లో ఎంతమంది దగ్గర ఒక గంటన్నా ఉంది?

అయితే కార్డును రాగిరేకు అనుకోవద్దు. దాని లోపల చిన్న చిన్న గదుల్లో విద్యుత్ ఆవేశం నిలబడి ఉంటుంది. ముందు ఒక గదికి ఒక బిట్టు ఉండేది. ఇప్పుడు అదే గదిలో మూడు, నాలుగు బిట్లు ఇరికిస్తారు, గదులను అంతస్తుల మీద అంతస్తులుగా కడతారు. జాగా పెరిగింది అట్లనే. ఇరుకు పెరిగేకొద్దీ కొంచెం ఆవేశం కారిపోయినా లెక్క తప్పుతుంది. కార్డును బీరువాలో పెట్టి ఏండ్ల తరబడి మరిచిపోతే ఉన్నది ఉన్నట్టు దొరుకుతుందని నమ్మేదానికి లేదు. రెండు మూడేండ్లకొకసారి తీసి, ఇంకో రెండు చోట్లకు ఎక్కించుకోవాల. మరీ అగ్గువకు 1 టీబీ అని అమ్మేవాటి జోలికి పోవద్దు. లోపల 32 జీబీయే ఉండి, పైకి మాత్రం 1 టీబీ అని చూపించే దొంగ కార్డులున్నాయి. అసలు జాగా నిండినాక వేసినవి వేసినట్టే పోతాయి. కొన్నప్పుడే పూర్తిగా నింపి, తిరిగి తెరిచి చూసుకోవాల.

క్లౌడ్ ఉంది కదా అంటారు పిల్లలు. ఉంది. డబ్బు కట్టినన్నాళ్లు, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఉన్నన్నాళ్లు.

ఇంకొక మాట, ఫైలుకు పేరు పెట్టండి. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, దేని గురించి, ఇంతే. తెలుగు రాయడం రాకపోతే కన్నడ లిపిలోనే రాయండి, తప్పేం లేదు. కైవారం తాతయ్య తెలుగు పాటలను కన్నడ లిపిలో చదివి పాడేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

ఈసారి దసరాకు వచ్చేవాళ్లు ఫోన్లో కొంచెం జాగా ఖాళీ చేసుకుని రండి. చిన్నవ్వ పొద్దున పూట మాట్లాడదు. మధ్యాహ్నం నిద్ర లేచి, కాఫీ తాగినాక అడగండి.