కాలువ నీరు వదిలేవాడు పంట లెక్క అమ్ముకోవచ్చునా?



నరసరావుపేట మొదలు మాచర్ల వరకు గృహ దర్శనములకు వెళ్లినపుడు ఈ మధ్య తరచుగా మమ్మును అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, రాత్రి ఫోనులో మోకాళ్ల నొప్పుల గురించి చూశాను. తెల్లారేసరికి ఏది తెరిచినా నూనెలు, బెల్టుల ప్రకటనలే. నేను చూసిన సంగతి వీళ్లకెవరు చెప్పారు?" కొందరు నవ్వుతూ అడుగుతారు, కొందరు భయపడుతూ అడుగుతారు. ఈ మాసము ఈ ప్రశ్ననే తీసుకుందాము.

ఇందులో ముందుగా తెలిసికొనవలసినది, మనలను గమనించేవారు రెండు విధములుగా ఉన్నారు. ఒకరు అంగడివారు, రెండవవారు దారి వేసినవారు. గూగుల్, ఫేస్‌బుక్ వంటివి అంగళ్లు. మనము వాటిలోనికి వెళ్లినపుడు ఏమి చూశామో, ఎంతసేపు చూశామో వ్రాసుకుంటారు. వారి గుర్తులు ఇతర సైట్లలో, యాప్‌లలో కూడ ఉంటాయి గనుక మనము ఎక్కడికి వెళ్లినా వెంట వస్తారు. మోకాళ్ల నూనె ప్రకటన సాధారణముగా వచ్చేది వీరి ద్వారానే. దారి వేసినవారు అనగా మన ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ. అంగడి నచ్చకపోతే వేరొక అంగడికి పోవచ్చు. దారి మాత్రము తప్పదు. ఏ అంగడికి పోయినా ఆ దారి మీదుగానే పోవాలి.

కాలువ మీద లస్కరు

కుడి కాలువ కింద సేద్యము చేసేవారికి ఈ సంగతి సుళువుగా అర్థమవుతుంది. కాలువ మీద తిరిగే లస్కరుకు ఏ రైతు ఏ రోజున నీరు పెట్టాడో, ఎవరు మిరప వేశారో, ఎవరు పత్తి వేశారో, ఎవరి చేను ఎండుతున్నదో తెలుసు. అతని పని అటువంటిది, అందులో తప్పు లేదు. అయితే ఆ లెక్కంతా కాగితము మీద వ్రాసి పురుగుమందుల దుకాణమునకు, వడ్డీ వ్యాపారికి అమ్మితే ఏమంటాము? నీరు వదలుటకు తెలిసిన సంగతిని వేరొక పనికి వాడుకున్నాడంటాము. ఇంటర్నెట్ కంపెనీ విషయములో అడగవలసినది కూడ ఇదే. వారికి మన సంగతులు తెలియకుండా ఉండవు. తెలిసినదానిని దేనికి వాడుతున్నారన్నదే ప్రశ్న.

వారికి తెలిసేది ఎట్లాగో క్లుప్తముగా చెప్తాము. మనము ఒక సైటు పేరు కొట్టగానే ఫోను ముందుగా "ఈ పేరు గల సైటు ఏ చిరునామాలో ఉన్నది?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న మామూలుగా ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ వద్దకే పోతుంది. ఒకప్పుడు చాలా సైట్లు కార్డు మీద వ్రాసిన ఉత్తరము వలె ఉండేవి. దారిలో ఉన్నవారెవరైనా అంతా చదువుకోవచ్చు. నేడు చాలా సైట్లు సమాచారమును రహస్య లిపిలోనికి మార్చి, కవరులో పెట్టి అంటించినట్లు పంపుతున్నవి. లోపలి మాట కంపెనీకి కనబడదు. కాని కవరు మీది చిరునామా, పంపిన వేళ, కవరు బరువు ఎంతో వారికి తెలుస్తూనే ఉంటాయి. చాలాసార్లు చిరునామా ఒక్కటే చాలు. రాత్రి రెండు గంటలకు ఒక ఇంటినుండి తాగుడు మాన్పించే కేంద్రము సైటు తెరిచారంటే, లోపల ఏ పేజీ చదివారో తెలియకపోయినా, ఆ ఇంటి బాధ ఏమిటో తెలిసిపోతుంది.

జరిగిన సంగతులు

ఇది ఊహ కాదు. 2006, 2007 సంవత్సరములలో బ్రిటన్‌లో బీటీ అను పెద్ద కంపెనీ, ఫార్మ్ అను సంస్థ తయారుచేసిన ఏర్పాటును తన ఖాతాదారులలో వేలమంది లైనుల మీద, వారికి చెప్పకుండ పరీక్షించినది. వారు చూసే పేజీలను బట్టి వారికి తగిన ప్రకటనలు చూపుట దాని ఉద్దేశము. 2008లో ఈ సంగతి బయటపడగా ప్రజలు తీవ్రముగా వ్యతిరేకించారు. 2009లో యూరోపియన్ కమిషన్ ఈ విషయమై బ్రిటన్ ప్రభుత్వము మీద చర్య మొదలుపెట్టినది. అదే సంవత్సరము జూలైలో బీటీ ఆ పథకమును పక్కన పెట్టినది.

మన బిడ్డలనేకులు ఉంటున్న అమెరికాలో వేరొక విధముగా జరిగినది. 2016 అక్టోబరులో అక్కడి ఎఫ్‌సీసీ అను ప్రభుత్వ సంస్థ, ఖాతాదారుని అనుమతి లేకుండ అతడు చూసిన సైట్ల వివరములను ప్రకటనలకై వాడరాదని, ఇతరులకు ఇయ్యరాదని నియమము చేసినది. ఆ నియమము పూర్తిగా అమలులోనికి రాకముందే 2017 మార్చిలో అక్కడి పార్లమెంటు దానిని రద్దు చేసినది. ఏప్రిల్ 3న అధ్యక్షుడు సంతకము చేశాడు.

మన దేశములో 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామరు ఒకరు, ఎయిర్‌టెల్ 3జీ లైను మీద తాను తెరిచిన పేజీలలో ఆ పేజీల యజమానులు పెట్టని చిన్న కోడు ఒకటి వచ్చి చేరుతున్నదని కనిపెట్టి అందరికి చూపించారు. ఖాతాదారులు తాము ఎంత డేటా వాడుతున్నారో తెలిసికొనుటకే ఆ ఏర్పాటని కంపెనీ జవాబిచ్చినది. ఉద్దేశము ఏదైనప్పటికి, మనము చదివే పేజీలో దారిలో ఉన్నవారు చేయి పెట్టగలరన్న సంగతి అప్పుడు చాలామందికి తెలిసినది.

మన రాష్ట్రమునుండి వెళ్లిన వ్యాజ్యము

ఈ విషయములో దేశమంతటికి దారి చూపిన తీర్పు ఒకటి మన ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన వ్యాజ్యములోనిదే అని మన చదువుకున్నవారికి కూడ అంతగా తెలియదు. 1986లో మన రాష్ట్రము స్టాంపుల చట్టములోని 73వ సెక్షనును సవరించినది. దాని ప్రకారము కలెక్టరు వ్రాతపూర్వకముగా అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులోనికి వెళ్లి, స్టాంపు సుంకము ఎగవేశారేమో చూచుటకు ఖాతాదారుల కాగితములు తనిఖీ చేయవచ్చును. కెనరా బ్యాంకు మొదలైనవి కోర్టుకు వెళ్లగా మన హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. ప్రభుత్వము పైకి వెళ్లినది. 2004లో సుప్రీంకోర్టు కూడ ప్రభుత్వము వాదనను ఒప్పుకొనలేదు.

ఆ తీర్పులోని సారము మన తల్లులకు, తండ్రులకు అర్థమయ్యే మాటలలో చెప్తాము. మనము ఒక కాగితమును నమ్మి బ్యాంకువారి చేతికిచ్చినంత మాత్రమున అది ఊరందరి కాగితము కాదు. గోప్యత అనునది ఇంటి నాలుగు గోడలకు కాదు, మనిషికి చెందినది. మనిషి కాగితము ఎక్కడ ఉంటే అక్కడికి అది కూడ వెళ్తుంది. ఒకసారి బ్యాంకు చేతికిచ్చిన తరువాత ఆ వివరములపై ఖాతాదారునికి హక్కు లేదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినది. మన సుప్రీంకోర్టు ఆ దారిన పోలేదు.

తరువాత 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తీర్పునిచ్చారు. 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములను 2025 నవంబరులో ప్రకటించి, ముఖ్యమైన భాగములు అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. సమ్మతి తీసుకుంటే దేనికొరకో స్పష్టముగా చెప్పి తీసుకోవాలని, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సుళువుగా వెనుకకు తీసుకొనే వీలుండాలని ఆ చట్టము చెప్తున్నది. 18 సంవత్సరములలోపు పిల్లల కదలికలను గమనించి వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదని కూడ అందులో ఉన్నది.

"మాకు దాచుకొనుటకు ఏమున్నది?"

ఈ మాట చాలామంది అంటారు. మేము చేసే పనినిబట్టి దీనికి మా జవాబు వేరు. సంఘ కాపరి వద్దకు వచ్చి ఒక తల్లి చెప్పుకునే మాటలు దొంగతనములు కావు. కుమార్తెకు సంబంధము తప్పిపోయినది, భర్త తాగుచున్నాడు, రొమ్ములో గడ్డ కనబడినది, అప్పు తీరుటలేదు. వీటిలో సిగ్గుపడవలసిన నేరము ఒక్కటి లేదు. అయినను ఆమె తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి చెప్తుంది. ఎందుకు? ఆ మాట ఎవరి చెవిని పడవలెనో నిర్ణయించుకొనే హక్కు ఆమెది గనుక. నేడు ఆ మాటలే చాలామంది కాపరికంటె ముందు, డాక్టరుకంటె ముందు ఫోనుకు చెప్పుకుంటున్నారు.

అందువలన కలిగే నష్టము చిన్నది కాదు. పంట నష్టపోయిన మనిషి రాత్రి నిద్రపట్టక "వెంటనే అప్పు" అని వెదికితే, అతడు ఇబ్బందిలో ఉన్నాడని ప్రకటనలవారికి తెలిసిపోతుంది. అతనికి చేరే ప్రకటన మంచి బ్యాంకుదే అనుకోలేము. 2020 డిసెంబరులో తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులు తాళలేక కొందరు ప్రాణములు తీసుకున్నారు. ఆ యాప్‌లు ఫోనులోని బంధువుల, స్నేహితుల నంబర్లు లాగి, అందరికి ఫోను చేసి అప్పు తీసుకున్నవారి పరువు తీశాయి. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితా జోలికి పోరాదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించవలసి వచ్చినది. మనిషి బలహీనముగా ఉన్న ఘడియను తెలిసికొని అతని తలుపు తట్టుట, కష్టములో ఉన్నవానికి సహాయము చేయుటవంటిది కాదు.

ఇంటిలో చేయదగినవి

మొదటిది, "ఇన్‌కాగ్నిటో" అను కిటికీని నమ్మి మోసపోవద్దు. అది ఫోనులో చరిత్ర మిగలకుండ చేస్తుంది గనుక ఇంటిలోని మరొకరికి కనబడదు. కంపెనీకి మాత్రము ఎప్పటివలెనే కనబడుతుంది. ఫోనులో చరిత్ర తుడిచివేయుట కూడ అంతే. కంపెనీ వద్ద ఉన్న లెక్క దానివలన పోదు.

రెండవది, ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో "ప్రైవేట్ డీఎన్ఎస్" అని ఉంటుంది. దానిని పెట్టుకుంటే చిరునామా అడిగే ప్రశ్న కవరులో పోతుంది. అప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే సంస్థను నమ్మవలసి ఉంటుంది, అది మరచిపోవద్దు. ప్రకటనల సెట్టింగులలో "అడ్వర్టయిజింగ్ ఐడీ"ని తొలగించే వీలున్నది. ఐఫోనులో యాప్‌లు వెంబడించుటకు అనుమతి అడిగితే "వద్దు" అనవచ్చు. మీ ఇంటి యౌవనస్థులు అయిదు నిమిషములలో ఇవన్నీ చేసిపెట్టగలరు.

మూడవది, ఉచిత వీపీఎన్ యాప్‌ల విషయములో జాగ్రత్త. వీపీఎన్ వాడితే ఇంటర్నెట్ కంపెనీకి కనబడేది తగ్గుతుంది, వీపీఎన్ వారికి కనబడేది పెరుగుతుంది. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అను సంస్థను కొని, దాని వీపీఎన్ యాప్ ద్వారా ప్రజలు ఏయే యాప్‌లు వాడుతున్నారో తెలిసికొనుచుండెను. 2019లో దానిని మూసివేసినది.

నాలుగవది, కొత్త కనెక్షను తీసుకొనునపుడు "మా వివరములు ప్రకటనలకు వాడుతారా? వద్దంటే ఎక్కడ చెప్పాలి?" అని అడగండి. 1909కు ఫోను చేసి నమోదు చేసుకుంటే ప్రకటనల కాల్స్, మెసేజీలు తగ్గించుకోవచ్చును. కాని ఇంటర్నెట్‌లో వెంబడించుట దానితో ఆగదు. ఈ రెండు వేరు వేరు సంగతులు.

అయిదవది, పిల్లల ఫోనును తల్లిదండ్రులు చూడవచ్చును, చూడవలెను కూడ. అయితే చెప్పి చూడండి. దొంగచాటుగా చూసే ఇంటిలో పిల్లలు దొంగచాటుగా దాచుట నేర్చుకుంటారు.

మన సంఘములలో కూడ

కంపెనీలను అడిగే ముందు మన చేతులు కూడ చూచుకొనవలెను. ఒక సహోదరి ప్రార్థన కొరకని చెప్పిన వ్యాధి సంగతి, ఆమెను అడగకుండ 200 మంది ఉన్న వాట్సాప్ గుంపులో పేరుతో సహా పెడుతున్నాము. సంఘ సభ్యుల ఫోను నంబర్ల జాబితాను చీటీల వ్యాపారికి, ఎన్నికలలో నిలిచినవారికి ఇచ్చేవారున్నారు. ప్రేమతో ఇచ్చినా, లాభమునకు ఇచ్చినా, ఒక పనికి నమ్మి చెప్పినదానిని వేరొక పనికి వాడుటయే కదా! ఇకమీదట "పేరు చెప్పవచ్చునా అమ్మా?" అని ఒక్క మాట అడిగి, ఆమె సరేనంటేనే పెట్టుదము.

2017 డిసెంబరు 27న మన రాష్ట్రములో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినపుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఒకే తీగ మీద ఇస్తామన్నారు. ఆ తీగ ఏ కంపెనీదైనను, పల్లెలో చదువుకునే బిడ్డకు మేలు చేసినది. దానిని కోసివేయమని మేము చెప్పుటలేదు. నీటికి డబ్బు కట్టిన రైతు నీరు అడిగినట్లే, నెలనెలా బిల్లు కడుతున్న మనము మన మాటకు మర్యాద కూడ అడగవచ్చును. అడిగేవారు పదిమంది అయితే జవాబు చెప్పక తప్పదు.

వచ్చే మాసము మరొక విషయముతో కలుసుకుందాము.