పరిశోధకులు మీ ఇంటికొచ్చారా? సంతకం పెట్టే ముందు ఇవి అడగండి

ఎవరో తలుపు తడతారు. చేతిలో ట్యాబ్, మెడలో ఐడీ కార్డు. ‘చిన్న సర్వే అండీ, పది నిమిషాలే’ అంటారు. మనం కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడిగినవన్నీ చెప్పేస్తాం. రేషన్, పింఛను, ఆరోగ్య సర్వేలు అలవాటైపోయిన ఇళ్లలో, వచ్చింది సచివాలయం సిబ్బందా, కాలేజీ విద్యార్థా, పరిశోధన సంస్థ మనిషా అన్నది ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ తేడా మీకు తెలియాలి.

ఏలూరులో ఏం జరిగింది?

2020 డిసెంబర్ మొదటి వారం ఏలూరువాసులకు గుర్తుండే ఉంటుంది. వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 500 దాటింది. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందాలు వచ్చాయి. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు అదే నెలలో ప్రభుత్వానికి చెప్పారు.

రక్తం, నీళ్లు, కూరగాయల నమూనాలు ల్యాబ్‌కు వెళ్తాయి. కానీ ఆ రోజు ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు, ముందు ఎవరు పడిపోయారు అన్నవి మనుషులే చెప్పాలి. ఇలా అంకెలతో కాకుండా మాటలతో, అనుభవాలతో సాగేదాన్నే గుణాత్మక పరిశోధన అంటారు.

ఇక్కడే ఒక గీత ఉంది. జబ్బు ప్రబలినప్పుడు కారణం కనుక్కోవడం ప్రజారోగ్య విధి. అదే సమాచారాన్ని తర్వాత పరిశోధన పత్రానికో, థీసిస్‌కో వాడాలంటే ఆ విషయం విడిగా చెప్పాలి, ఎథిక్స్ కమిటీ ముందు పెట్టాలి. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి ‘సరే’ అంటే, వైద్యం అందాలని అన్నాడా, పరిశోధనకు ఒప్పుకున్నాడా?

సంతకం ఉంటే సమ్మతి ఉన్నట్టేనా?

కాదని ఉమ్మడి ఖమ్మం జిల్లా నేర్పింది. అక్కడ 2009లో 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో చెప్పినా, సమ్మతి తీసుకున్న తీరులో మాత్రం తీవ్ర లోపాలు బయటపడ్డాయి. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వేల పత్రాలపై హాస్టల్ వార్డెన్లు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

అది టీకా, ఇది ఇంటర్వ్యూయే కదా అనుకోవద్దు. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక పరిశోధనలకూ వర్తిస్తాయి. చదువురాని వారికి వారి భాషలో వివరించి, సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు, వయసును బట్టి పిల్లల ఇష్టం కూడా కావాలి.

కొల్లేరులో పేరు దాస్తే సరిపోతుందా?

కొల్లేరును 1999లో ప్లస్ 5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ వివాదం ఇంకా ముగియలేదు. అలాంటి చోట ‘మీకు చెరువు ఎక్కడుంది, లీజు ఎవరికిచ్చారు?’ అన్నది మామూలు ప్రశ్న కాదు. జవాబు బయటికొస్తే కేసో, ఊళ్లో గొడవో కావచ్చు.

పేరు రాయం అని పరిశోధకులు హామీ ఇస్తారు. కానీ ‘ఫలానా లంక గ్రామం మాజీ సర్పంచ్, ఇద్దరు కొడుకులు, 20 ఎకరాల చెరువు’ అని రాస్తే ఊళ్లో చిన్నపిల్లాడైనా ఆయనెవరో చెప్పేస్తాడు. అందుకే చిన్న ఊళ్లలో పేరుతో పాటు పదవి, వృత్తి, అవసరమైతే ఊరి పేరు కూడా మార్చాలి. పది మందిని కలిపి కూర్చోబెట్టి మాట్లాడించే గ్రూప్ చర్చల్లో గోప్యతకు పూర్తి హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ మాట ముందే చెప్పాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఊరి పెద్దో, డ్వాక్రా లీడరో వెంటబెట్టుకొస్తే కాదనడం కష్టం. చెప్పకపోతే పింఛను ఆగిపోతుందేమోనన్న భయం సరేసరి. పెద్దల అనుమతి ఊళ్లోకి రావడానికే. మాట్లాడాలా వద్దా అన్నది మీ ఇష్టం.

మీరు అడగాల్సినవి

• మీరు ఏ సంస్థ నుంచి వచ్చారు? ఇది పథకం సర్వేనా, పరిశోధనా?
• ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?
• నేను వద్దంటే నాకు అందే వైద్యం, పథకాలు ఆగుతాయా? (ఆగకూడదు.)
• రికార్డు చేస్తున్నారా? ఆ ఆడియో ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు?
• ఇష్టం లేని ప్రశ్న వదిలేయవచ్చా? మధ్యలో మానేయవచ్చా? (రెండూ మీ హక్కే.)
• ఫలితం మాకు ఎప్పుడు, ఎలా చెబుతారు?

సమాచార పత్రం తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కాపాడుతుందిలే అని ధీమాగా ఉండలేం. నిర్దేశిత ప్రమాణాలు పాటించే పరిశోధనలకు, ఆ డేటాతో మీ ఒక్కరి గురించి ఏ నిర్ణయమూ తీసుకోనంత వరకు, అందులో మినహాయింపు ఉంది. కాబట్టి మీరు అడిగే ప్రశ్నలే మీకు మొదటి రక్షణ.

మీరే పరిశోధన చేస్తున్నారా?

తాడేపల్లిగూడెం, ఏలూరు కాలేజీల్లో ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు ప్రశ్నావళి కంటే ముందు మరొకటి రాసుకోవాలి: ఈ జవాబు వల్ల చెప్పినవారికి ఏ నష్టం రావచ్చు? కూలి మానుకొని కూర్చున్న మనిషి సమయానికి పరిహారం ఇవ్వొచ్చు. కానీ కాదనలేనంత డబ్బు ఆశ చూపకూడదు. పని పూర్తయ్యాక మళ్లీ ఆ ఊరు వెళ్లి, ఏం తేలిందో చెప్పి రండి. చాలా ఊళ్లకు అడిగేవాళ్లు వస్తారు, చెప్పడానికి మాత్రం ఎవరూ తిరిగి రారు. తర్వాత వచ్చేవారికి తలుపు తెరుచుకోవాలంటే మీరు ఒక్కసారైనా తిరిగి వెళ్లాలి.